అర్జీ రాయడం నేర్పిన గ్రంథాలయం

మాది హోసూరు పక్కన ఒక పల్లె. నేను పుట్టినప్పుడు అది సేలం జిల్లా. నేను బడికి పోతున్న రోజుల్లో, 1965లో, ధర్మపురి జిల్లా అయింది. 2004 నుంచి కృష్ణగిరి జిల్లా. ఊరు కదల్లేదు, ఇల్లు కదల్లేదు, ఇంట్లో మాట్లాడే తెలుగూ కదల్లేదు. కాగితం మీద మాత్రం మా చిరునామా మూడు రకాలుగా మారింది. మాలాంటివాళ్ల బతుకుల్లో కాగితానికి ఉన్న బలం ఎంతో నాకు తెలిసింది 1978లో.

ఆ ఏడు మా ఊరి బడిలో తెలుగు చెప్పే అయ్యవారు పదవీ విరమణకు వచ్చారు. ఆయన స్థానంలో మరొక తెలుగు అయ్యవారిని వేసేది లేదని, పిల్లల్ని తమిళ తరగతిలో చేర్చుకోమని మాట వచ్చింది. మా అక్క కొడుకు ఆ ఏడే ఒకటో తరగతిలో చేరాలి. ఊరి పెద్దలు నలుగురు ఒక కార్యాలయానికి పోయి అడిగితే అక్కడి ఉద్యోగి, "తెలుగు అయ్యవారిని వెయ్యాలని రూలేమీ లేదు" అన్నాడట. వాళ్లు తలలు వంచుకుని తిరిగొచ్చారు. నేనప్పుడు బి.ఏ. ముగించి ఖాళీగా ఉన్నాను. అయ్యవారు నన్ను పిలిచి, "ఏమప్పా, రూలు లేదని ఆయన నోటితో చెప్తే అయిపాయెనా? పుస్తకంలో ఉండాదో లేదో మనం చూసుకోవల్ల, రా" అన్నారు.

మొదట దగ్గర్లోని ఒక శాఖా గ్రంథాలయానికి పోయినాము. తెలుగు పుస్తకాలు రెండు అరల నిండా ఉన్నాయి. అన్నీ నవలలు, శతకాలు, భక్తి పుస్తకాలు. ప్రభుత్వం, చట్టం గురించిన పుస్తకాలు వేరే బీరువాలో ఉన్నాయి. దానికి తాళం. తాళంచెవి ఉన్నాయన సెలవులో ఉన్నాడు. వారం తర్వాత పోతే బీరువా తెరిచారు. అందులో పాత గెజిట్లు కొన్ని, చట్టాల పుస్తకాలు కొన్ని ఉన్నాయి. మాకు కావలసింది లేదు. "మద్రాసుకే పోదాం" అన్నారు అయ్యవారు.

రాత్రి బస్సులో ఆయనకు నిద్ర పట్టలేదు, నన్ను నిద్ర పోనివ్వలేదు. తెలుగువాళ్లకు గ్రంథాలయం అంటే ఏమిటో ఆ రాత్రి విన్నాను. ఆ తర్వాత ఏళ్ల తరబడి చదివి మరికొంత తెలుసుకున్నాను. ఆ కథ మన పత్రిక పాఠకులకు చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఎందుకంటే అది ఆంధ్రదేశంలో ఉన్నవాళ్ల కంటే, రాష్ట్రేతర తెలుగువాళ్లమైన మనకే ఎక్కువ అవసరం.

బెజవాడలో 1911లో రామమోహన గ్రంథాలయం వెలిసింది. 1914లో ఆ బెజవాడలోనే చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి అధ్యక్షతన ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. దాని వెనక నిలిచినవాడు అయ్యంకి వెంకటరమణయ్య. ఒక ప్రాంతంలోని గ్రంథాలయాలన్నీ కలిసి సంఘంగా ఏర్పడడం మన దేశంలో అదే మొదలని చెబుతారు. ఆ గ్రంథాలయాలు పుస్తకాలు ఎరువిచ్చి తీసుకునే చోట్లు మాత్రమే కావు. సాయంత్రం పత్రిక బిగ్గరగా చదివేవారు, చదువు రానివాళ్లు చుట్టూ కూర్చుని వినేవారు. రాత్రిబడులు నడిపేవారు. పాతూరి నాగభూషణంగారు 1935లో పుస్తకాలను పడవకెక్కించి పెదవడ్లపూడి, కొల్లిపర కాలువ మీద ఊరూరా తిప్పారు. 1908లోనే పత్రికా రచన కోసం జైలుకు పోయి వచ్చిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు తర్వాతి జీవితాన్ని గ్రంథాలయాలకూ వయోజన విద్యకూ ఇచ్చారు. జైలు చూసినవాడు గ్రంథాలయంలోకి వచ్చి కూర్చున్నాడంటే, ఆ రెండింటి నడుమ ఉన్న దారి ఆయనకు కనిపించినట్టే కదా. చదవడం వచ్చినవాడు ప్రశ్న అడుగుతాడు. పన్ను రసీదు చదవగలిగినవాణ్ణి మోసం చెయ్యడం కష్టం.

ఇక నిజాం రాజ్యంలో తెలుగువాళ్ల పరిస్థితి మన పరిస్థితికి మరీ దగ్గరగా ఉండేది. అక్కడ తెలుగువాళ్లు సంఖ్యలో ఎక్కువే. కాని కచేరీలో, కోర్టులో, పై చదువులో ఉర్దూ. సొంత ఇంట్లోనే పరాయివాళ్లు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టారు. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం వచ్చింది. ఆ పేర్లలోనే ఒక మాట ఉంది, గమనించండి. పుస్తకాలయం అనలేదు, భాషానిలయం అన్నారు. 1921లో హైదరాబాదులో ఒక సంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగులో మాట్లాడబోతే సభలో గేలి చేశారు. ఆ అవమానంలోంచి ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఆ సంఘం గ్రంథాలయాలు పెట్టించింది, పఠన మందిరాలు తెరిపించింది. మరొక పని కూడా చేసింది. వెట్టిచాకిరీ గురించి, వర్తకుల స్వేచ్ఛ గురించి చిన్న చిన్న పుస్తకాలు తెలుగులో వేసి పంచింది. ప్రభుత్వ ఉత్తర్వులు ఏమంటున్నాయో, అధికారి ఎంతవరకు అడగవచ్చో, ఎక్కడ కాదనవచ్చో జనానికి తెలియాలని మాడపాటి హనుమంతరావుగారి వంటివాళ్ల తపన.

సభ పెట్టాలంటే ముందు అనుమతి తీసుకోవాలని నిర్బంధించే గస్తీ నిషాన్ 53 అమలులో ఉన్న రోజులవి. రాజకీయ సభకు అనుమతి దొరకదు. గ్రంథాలయ సభ అంటే కొంత వెసులుబాటు. అందుకని ఆ సభల నీడలోనే జనం ఒకచోట చేరారు, మాట్లాడుకున్నారు, తీర్మానాలు రాయడం నేర్చుకున్నారు. తర్వాత వచ్చిన ఆంధ్రమహాసభకు పునాది అక్కడ పడింది.

మద్రాసు ప్రెసిడెన్సీలో దారి వేరు. అక్కడ ఎస్.ఆర్. రంగనాథన్‌గారు గ్రంథాలయానికి చట్టం కావాలని చాలా ఏళ్లు పోరాడారు. 1928లో మద్రాసు గ్రంథాలయ సంఘం ఏర్పడింది. స్వాతంత్ర్యం వచ్చాక, అవినాశిలింగం చెట్టియార్ విద్యామంత్రిగా ఉండగా, 1948లో మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం ఆమోదం పొందింది. స్వతంత్ర భారతంలో అలాంటి చట్టాల్లో అదే మొదటిది. అప్పటి మద్రాసు రాష్ట్రంలో కోస్తా, రాయలసీమ, బళ్లారి, హోసూరు అన్నీ ఉన్నాయి. అంటే అయ్యంకి, గాడిచర్లల ఆంధ్రమూ, మా హోసూరూ ఒకే గ్రంథాలయ చట్టం కింద మొదలైనాయన్న మాట.

ఈ చట్టంలో మనం మరిచిపోకూడని ముక్క ఒకటుంది. జిల్లా గ్రంథాలయ సంస్థకు డబ్బు ఇంటిపన్ను మీద వేసే గ్రంథాలయ పన్ను నుంచి వస్తుంది. ఇల్లున్న ప్రతివాడూ, ఏ భాషవాడైనా, దాన్ని కడతాడు. కర్ణాటకలో 1965 చట్టం కింద కూడా గ్రంథాలయ పన్ను ఉంది. మహారాష్ట్ర 1967లో, ఒడిశా 2001లో చేసిన చట్టాల్లో అలాంటి పన్ను లేదు. అక్కడ ప్రభుత్వం ఇచ్చే సొమ్ముతో నడవాలి. పన్ను రూపంలో కట్టినా, ప్రభుత్వ ఖజానా నుంచి వచ్చినా ఆ డబ్బు మనది కూడా. తెలుగు పుస్తకం కావాలని, చట్టం పుస్తకం కావాలని అడిగేటప్పుడు మనం దానం అడుగుతున్నట్టు నిలబడనవసరం లేదు.

తెల్లవారి ఎగ్మోరులో కన్నెమెరా గ్రంథాలయం ముందు నిలబడ్డాం. 1896లో తెరిచిన భవనం. 1948 చట్టం అమలులోకి వచ్చాక 1950 నుంచి అది రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. 1954 చట్టం ప్రకారం దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం ప్రతిని నాలుగు గ్రంథాలయాలకు పంపాలి. అందులో ఇదొకటి. కలకత్తా, బొంబాయి, ఢిల్లీల్లో ఉన్నవి తక్కిన మూడు. పల్లెటూరి వాళ్లం, లోపలికి రానిస్తారో లేదో అని నాకు బెరుకు. అయ్యవారు చొక్కా సర్దుకుని తిన్నగా లోపలికి పోయి చీటీ రాసిచ్చారు. ఎవరూ ఎందుకని అడగలేదు.

మాకు దొరికిన పుస్తకాలు మూడు. మొదటిది రాజ్యాంగం. 1956లో ఏడవ సవరణతో చేరిన 350-ఎ అధికరణం అయ్యవారు వేలుపెట్టి చూపించారు. భాషాపరంగా తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్ల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పడానికి తగిన సౌకర్యాలు కల్పించేందుకు ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థా ప్రయత్నించాలని దాని సారం. దాని పక్కనే 350-బి. భాషా అల్పసంఖ్యాకుల కోసం రాష్ట్రపతి ఒక ప్రత్యేకాధికారిని నియమించాలని, ఆయన నివేదికలు పార్లమెంటు ముందు పెట్టాలని అది చెబుతుంది. ఈ రెండూ రాష్ట్రాల పునర్విభజన జరిగిన సంవత్సరంలోనే వచ్చాయి. గీతలు గీసినవాళ్లకు గీత అవతల మిగిలిపోయే మనుషులు ఉంటారని తెలుసు.

రెండవది ఆ అధికారి నివేదిక. భాషా అల్పసంఖ్యాకుల కమిషనర్ అంటారు ఆయన్ను. 1957లో బి. మల్లిక్‌గారితో ఆ పదవి మొదలైంది. ఏటా ఆయన రాసే నివేదికలో రాష్ట్రం వారీగా మన బడుల సంగతి, పాఠ్యపుస్తకాల సంగతి, ఉద్యోగాల సంగతి ఉంటుంది. అందులోనే మాకు కావలసిన మాట దొరికింది. 1949లో రాష్ట్రాల విద్యామంత్రులు చేసిన తీర్మానం, 1956లో కేంద్రం పార్లమెంటు ముందు పెట్టిన రక్షణల పత్రంలో మళ్లీ చేర్చిన తీర్మానం. బడి మొత్తంలో ఒక భాష పిల్లలు 40 మంది ఉన్నా, ఒక తరగతిలో 10 మంది ఉన్నా ఆ భాషలో చెప్పడానికి కనీసం ఒక అయ్యవారిని వెయ్యాలి. "లేదన్నాడు కదప్పా, ఇదిగో" అని అయ్యవారు అద్దాలు తీసి తుడుచుకున్నారు. నేను ఆ పేజీ అంతా చేత్తో ఎత్తి రాసుకున్నాను.

మూడవది జనాభా లెక్కల పుస్తకం. అంకెల పట్టికలు చూస్తే నాకు విసుగు. అయ్యవారు మాత్రం దాన్ని దండం పెట్టి తెరిచారు. ఎందుకో అప్పుడే చెప్పారు. 1956 తర్వాత ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాల నడుమ ఊళ్ల పంపకం కోసం హెచ్.వి. పటాస్కర్‌గారిని మధ్యవర్తిగా పెట్టారు. ఆయన జిల్లాను, తాలూకాను కాక గ్రామాన్ని ప్రమాణంగా తీసుకున్నారు. ఆ గ్రామంలో ఏ భాషవాళ్లు ఎక్కువ, అది ఏ రాష్ట్రానికి ఆనుకుని ఉంది అని చూశారు. దాని మీద 1959లో సరిహద్దుల చట్టం వచ్చి, 1960 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. తిరుత్తణి తాలూకాలో చాలా భాగం మద్రాసుకు వచ్చింది. సత్యవేడు ప్రాంతం ఆంధ్రకు పోయింది. అంటే 1951లో లెక్కలు రాసుకోను వచ్చినాయన, గడప దగ్గర నిలబడి, మాతృభాష ఏమని అడిగినప్పుడు ఇంటాయన చెప్పిన ఒక్క మాట, తొమ్మిదేళ్ల తర్వాత ఆ ఊరు ఏ రాష్ట్రంలో ఉండాలో తేల్చడంలో లెక్కకు వచ్చింది.

అంకె ఉన్నా అన్నిసార్లూ తీర్పు అటు రాదు. 1951 లెక్కల్లో కోలారు జిల్లాలో తెలుగువాళ్లు సగం దాటి ఉన్నారు. అయినా ఆ జిల్లా కన్నడ రాష్ట్రంలోనే ఉంది. బళ్లారిని ఆంధ్రకు ఇవ్వాలని ఫజల్ అలీ కమిషన్ 1955లో సిఫారసు చేసింది, తుంగభద్ర ప్రాజెక్టు కారణం చూపింది. ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అందులో చేరడం సహించలేక గిడుగు రామమూర్తిగారు ఆ ఊరు వదిలి రాజమండ్రి పోయారు. వీటిలో న్యాయమెంత, అన్యాయమెంత అని ఇప్పుడు తగవు పెట్టుకోవడం నా ఉద్దేశం కాదు. ఎక్కడి గీత అక్కడ ఉంది. గీతకు ఇవతల మనకు ఉన్నవి ఏమిటో ఆ పుస్తకాల్లోనే రాసి ఉందని మాత్రం చెబుతున్నాను. ఆ కమిషన్ నివేదికలో భాషా అల్పసంఖ్యాకుల రక్షణల గురించి ప్రత్యేకంగా రాశారు. బళ్లారి, కోలారుల పేజీలు వెతుక్కునేవాళ్లు ఆ పేజీలూ చదవాలి.

ఊరికి తిరిగొచ్చి ఇంటింటికీ పోయి లెక్క రాశాం. ఒకటో తరగతికి 12 మంది. బడి మొత్తానికి 40 దాటింది. అర్జీ రాసేటప్పుడు ఏ భాషలో రాయాలన్న ప్రశ్న వచ్చింది. అయ్యవారు రాజ్యాంగంలో మరొక అధికరణం ఎత్తి రాసుకుని వచ్చారు, 350. తనకు జరిగిన ఇబ్బంది తీర్చమని ఎవరైనా సరే, కేంద్రంలోగాని రాష్ట్రంలోగాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా, ఏ అధికారికైనా విన్నపం ఇవ్వవచ్చునని అది చెబుతుంది. తెలుగులోనే రాశాం. కింద తమిళంలో అనువాదం జతచేశాం. "మన హక్కు తెలుగులో, మన మర్యాద తమిళంలో" అన్నారు అయ్యవారు. పిల్లల పేర్లు, తండ్రుల సంతకాలు, వేలిముద్రలు, తీర్మానం నకలు. ఒక ప్రతి కార్యాలయానికి, ఒక ప్రతి కమిషనర్‌గారికి పంపాం.

ఎనిమిది నెలలు జవాబు లేదు. కమిషనర్‌కు ఆజ్ఞాపించే అధికారం లేదు, విచారించి నివేదిక రాయడం, సిఫారసు చెయ్యడం ఆయన పని. ఆ తీర్మానం కూడా శాసనసభ చేసిన చట్టం కాదు, రాష్ట్రాలు ఒప్పుకున్న మాట. అందుచేత కాగితం చూపించగానే తలుపులు తెరుచుకుంటాయని నేను చెప్పను. కాని తొమ్మిదో నెలలో ఒక తెలుగు అయ్యవారు బస్సు దిగి మా బడికి దారి అడిగాడు. మా అక్క కొడుకు "అ, ఆ" దిద్దాడు.

ఆ తరగతి మరో పదిహేడేళ్లు నడిచింది. తర్వాత మూతపడింది. ఈసారి రూలు లేదని ఎవరూ అనలేదు. పదిమంది పిల్లలు లేకపోయారు. ఇంగ్లీషు బళ్లకు మేమే పంపుకున్నాం. నేనూ నా కొడుకును అలాగే పంపాను. ఈ తప్పు ఏ ప్రభుత్వం మీదా వెయ్యలేను.

2006లో తమిళనాడులో తమిళం నేర్చుకోవడం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. ఒకటో తరగతి నుంచి ఏడాదికొక తరగతి చొప్పున పెంచుకుంటూ పోయి, ఆ తొలి జట్టు 2015-16లో పదో తరగతికి చేరింది. మాతృభాష పరీక్ష సంగతి ఏమిటని తల్లిదండ్రులు అప్పుడు మేలుకున్నారు. కోర్టులకు పోయారు. పరీక్ష తమిళంలో రాయకుండా మినహాయింపులు దొరికాయి. 2023లో సుప్రీంకోర్టు దాకా ఆ వ్యవహారం నడిచింది. తమిళం నేర్చుకోవద్దని మాలో ఎవరూ అనరు. సంతలో, పొలంలో, స్నేహంలో మాకది రోజూ మాట్లాడే భాష. దానితోపాటు మా భాష కూడా ఉండాలన్నదే మాట. ఆ రోజుల్లో నా దగ్గరకు వచ్చిన తండ్రుల్లో చాలామంది ఆ చట్టం ప్రతిని కళ్లతో చూడలేదు. చట్టం వచ్చిన ఏడాదే ఊరి గ్రంథాలయంలో దాన్ని చదివి, తెలుగులో నలుగురికీ వినిపించి ఉంటే తొమ్మిదేళ్లు ముందుగా మేలుకుని ఉండేవాళ్లం కదా. పత్రిక బిగ్గరగా చదివిన ఆ పాత పద్ధతిని మనం వదులుకున్న ఫలితమిది.

2005 సమాచార హక్కు చట్టం మరొక ఉపాయం ఇచ్చింది. బడిలో ఏ భాష పిల్లలు ఎంతమంది, తెలుగు అయ్యవార్ల ఖాళీలెన్ని, గ్రంథాలయ పన్ను ఎంత వసూలైంది, అందులో తెలుగు పుస్తకాలకు ఎంత పోయింది, ఇవన్నీ అడగవచ్చు. ఒక తేడా గుర్తుంచుకోవాలి. ఆ దరఖాస్తు ఇంగ్లీషులోగాని, హిందీలోగాని, ఆ ప్రాంతపు అధికార భాషలోగాని ఉండాలి. 350 కింద ఇచ్చే విన్నపానికి ఆ కట్టుబాటు లేదు. ఏ కాగితం ఏ భాషలో రాయాలో తెలియడం కూడా పౌరుడికి కావలసిన చదువే.

అందుచేత బళ్లారిలో, బరంపురంలో, యానాంలో, షోలాపురంలో, హోసూరులో ఈ పత్రిక చదివేవారికి నా మనవి ఒకటి. మీ దగ్గర్లోని గ్రంథాలయానికి పోయినప్పుడు తెలుగు అర దగ్గరే ఆగిపోకండి. రాజ్యాంగం తెలుగు ప్రతి ఉందా అని అడగండి. భాషా అల్పసంఖ్యాకుల కమిషనర్ నివేదికలు ఉన్నాయా, మీ జిల్లా గెజిటీరు ఉందా, జనాభా లెక్కల భాషా పట్టికలు ఉన్నాయా అని అడగండి. లేకపోతే కావాలని రాసివ్వండి. నవలలు వద్దని నేననను. నేనూ చదువుతాను. నవల మనల్ని తెలుగువాళ్లుగా ఉంచుతుంది. ఆ రెండో బీరువా మనల్ని పౌరులుగా ఉంచుతుంది. రెండూ కావాలి.

2011 తర్వాత భాషల లెక్కలు మళ్లీ రావలసి ఉంది. గడప దగ్గరకు వచ్చి మాతృభాష ఏమని అడిగితే తడబడకుండా తెలుగు అని చెప్పండి. ఆ ఒక్క మాట ఏ పట్టికలో చేరి, ఎన్నేళ్ల తర్వాత, ఎవరి పిల్లవాడికి పనికొస్తుందో ఇప్పుడు చెప్పలేం.

అయ్యవారు పోయి చాలా ఏళ్లయింది. మద్రాసులో నేను ఎత్తి రాసుకున్న ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది, మడతల దగ్గర చిరిగింది. మొన్న ఆ శాఖా గ్రంథాలయానికి పోతే పాత బీరువా అక్కడే ఉంది. తాళం లేదు. తెరిచి చూశాను. పుస్తకాల మీద దుమ్ము ఉంది. తీసుకుపోయినవాళ్ల తేదీలు వేసే చీటీ మీద చివరి తేదీ ఎప్పటిదో సిరా వెలిసిపోయి కనపడలేదు. ఒక పుస్తకం నా పేరున రాయించుకుని వచ్చాను.